టోరిక్ లెన్స్ వేసిన చోటే ఉంటుందా?

శుక్లాల ఆపరేషన్‌లో సిలిండర్ పవర్ (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే దోషం) కూడా సరిచేసే టోరిక్ లెన్స్‌ను నమ్మొచ్చా అని ఇద్దరు కంటి సర్జన్ల మధ్య వాదన. సీనియర్‌కి అనుమానం, జూనియర్‌కి నమ్మకం.

సీనియర్: మామూలు లెన్స్ కంట్లో ఎంత తిరిగినా పేషెంటుకు తెలియదు. టోరిక్ అలా కాదు, కంటి సిలిండర్ ఉన్న దిశకి సరిగ్గా కుదరాలి. ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే సిలిండర్ సవరణలో దాదాపు 3.3 శాతం పోతుంది. 10 డిగ్రీలకి మూడో వంతు గోవిందా. 30 డిగ్రీలైతే వేసీ వేయనట్టే. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క గీత జరిగితేనే 6 డిగ్రీలు! అంత సన్నటి లెక్క మీద చూపు పెడతావా?

జూనియర్: లెక్క కాదనను మేడమ్. కానీ తిరిగేది ఎందరిలో? 1998లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న సిలికాన్ ప్లేటు లెన్సులు తిరిగేవి, నిజమే. ఇప్పటి అక్రిలిక్ లెన్స్, శుక్లం తీసేశాక మిగిలే పల్చటి పొర సంచికి అతుక్కుంటుంది. చాలామందిలో 5 డిగ్రీలు కూడా జరగదు.

సీనియర్: అతుక్కునే లోపు?

జూనియర్: అసలు కథ అక్కడే ఉంది. తిరిగేదంతా ఎక్కువగా మొదటి గంటలోనో, మొదటి రోజులోనో తిరుగుతుంది. తర్వాత సంచి ముడుచుకుని లెన్స్‌ని పట్టేస్తుంది. ఆ మొదటి రోజు చాలావరకు మన చేతిలోనే ఉంది. ఆపరేషన్‌లో కంట్లో నింపిన జెల్‌ని ముందు వైపు మాత్రం లాగేసి, లెన్స్ వెనకాల ఉన్నది వదిలేస్తే అది జారదా మరి? రెక్సిస్, అంటే సంచి ముందు వైపు మనం చేసే గుండ్రటి రంధ్రం, లెన్స్ అంచుని చుట్టూ కప్పాలి. గాయం లీకై కన్ను మెత్తబడకూడదు, అలాగని మరీ ఉబ్బించకూడదు.

సీనియర్: ఇవన్నీ పద్ధతిగా చేసినా తిరిగిన కళ్లున్నాయి. మైనస్ పవర్ ఎక్కువున్న పొడవాటి కన్ను తీసుకో. సంచి పెద్దది, లెన్స్ మాత్రం అదే 13 మిల్లీమీటర్లు. వదులుగా ఉన్నది తిరగక ఏం చేస్తుంది?

జూనియర్: అలాంటివాళ్లకి సంచిని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ రింగ్ వేయొచ్చు. తిరిగినా ఒకటి రెండు వారాల్లో మళ్లీ సరిచేయొచ్చు. చిన్న పని.

సీనియర్: చిన్న పని అనేది టేబుల్ పక్కన నిలబడ్డవాళ్ల మాట. పడుకున్న మనిషికి ‘రెండోసారి థియేటర్‌కి రండి’ అంటే ఎంత టెన్షనో!

(ఈ మాటకి జూనియర్ దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదనుకుంటాను.)

జూనియర్: సరే, ఇంకోటి అడుగుతాను. తిరిగిందని మనం అనేవన్నీ తిరిగినవేనా? కూర్చున్న మనిషి పడుకోగానే కన్ను రెండు మూడు డిగ్రీలు మెలిపడుతుంది, కొందరిలో అంతకంటే ఎక్కువ. అందుకే కూర్చోబెట్టి, లెన్స్ ఏ దిశలో ఉండాలో కంటి మీద సిరాతో మార్కు పెడతాం. ఆ సిరా తడికి పాకి లావుపాటి మరకవుతుంది. దానికి ఏ అంచున లెన్స్ ఆపాం? కార్నియా వెనక వైపు సిలిండర్ లెక్కలో వేశామా? కనుపాప డైలేట్ చేసి స్లిట్ ల్యాంప్‌లో (సన్నటి కాంతి గీత వేసి కన్ను చూసే మైక్రోస్కోప్‌లో) చూస్తే లెన్స్ అంచున దాని దిశ చూపే చుక్కలు కనిపిస్తాయి. కాంతి గీతని తిప్పి వాటి మీదుగా పోనిస్తే యాంగిల్ తెలుస్తుంది. చాలాసార్లు లెన్స్ మనం పెట్టిన చోటే ఉంటుంది. పెట్టిన చోటే తప్పు.

సీనియర్: లెన్స్ మంచిదే, మనమే చెడ్డవాళ్లం అంటావు! తప్పు ఎవరిదైనా పేషెంటుకి మసకే కదా. పైగా వయసుతో కార్నియా సిలిండరే మెల్లగా మారుతుంది. లెన్స్ కదలకపోయినా లెక్క కదులుతుంది. జన్మలో కళ్లజోడు అక్కర్లేదని మాటివ్వకు.

జూనియర్: ఇవ్వను. 3 డయాప్టర్ల (పవర్ కొలిచే యూనిట్) సిలిండర్ ఉన్నవాళ్లకి 5 డిగ్రీలు జరిగినా మిగిలేది అర డయాప్టరే. లెన్స్ వేయకపోతే మూడూ మిగులుతాయి. ఒక డయాప్టర్ లోపు వాళ్ల గురించి అయితే మీతో వాదించను.

సీనియర్: మూడున్నవాళ్లకి వెయ్యి. తిరగొచ్చని, మళ్లీ థియేటర్‌కి రావాల్సి రావచ్చని సంతకానికి ముందే చెప్పు.

జూనియర్: చెప్తాను. మర్నాడు యాంగిల్ కూడా చూసి రాసిపెడతాను.

సీనియర్: మర్నాడు దేనికి? మొదటి గంటలోనే తిరుగుతుందని నువ్వేగా అన్నావు. ఇంటికి పంపే ముందే ఓసారి చూడు.