కోచ్‌గారి చేవ్రాలు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల సంతకాలు పోగుచేయదలచినవారు ముందుగా మంచితనం మీద గౌరవం చంపుకోవాలి. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ కోచ్ బాబీ బౌడెన్ అడిగినవాళ్లకల్లా ఓపిగ్గా సంతకం పెట్టారు. అందుకే ఆయన చేవ్రాలు చవక. నోటర్ డామ్ యూనివర్సిటీ కోచ్ నూట్ రాక్నీ 1931లో విమాన ప్రమాదంలో పోయారు. ఇక పెట్టే వీలు లేదు గనక ఆయనది ప్రియం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ బేరంలో దీపం ఆరాకే ఇల్లు చక్కబడుతుంది.

రాక్నీ మాత్రం పోయాక కూడా విరామం లేకుండా సంతకాలు పెడుతూనే ఉన్నారు. బాల్‌పెన్ అమెరికా దుకాణాల్లోకి 1945లో వచ్చింది, షార్పీ మార్కర్ 1964లో. వీటిలో దేనితో చేసిన రాక్నీ సంతకం కనబడినా ఆ మహిమకు దణ్ణం పెట్టి, పర్సు తీయకుండా వచ్చేయాలి.

బతికున్నవారికి ఉత్తరం రాయండి. సీజన్ ఆగస్టు చివర్లో మొదలై జనవరి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో రాస్తే మూటల్లో పడి ఉంటుంది. మే, జూన్ మేలు. మూడు బై ఐదు అంగుళాల తెల్లకార్డులు రెండు, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు, నాలుగు వాక్యాల పొగడ్త చాలు. కార్డు మీద మీ పేరు రాయించుకోకండి. నిజమైన అభిమాని అని రుజువైతే ధర పడిపోతుంది.

రెండు కార్డులు ఎందుకంటే, తిరిగొచ్చాక ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూడటానికి. గీత మీద గీత అచ్చంగా కూర్చుందా, సంతకం చేసింది ఆటోపెన్ యంత్రం. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా నడవదు. గీత లావు మొదటినుంచి చివరిదాకా మారకపోయినా, మొదట్లో, చివర్లో సిరా చుక్క కట్టినా అనుమానించాల్సిందే. తేడా కనిపించినా సంబరపడొద్దు, అది కోచ్‌గారి సెక్రటరీ చేతివాటం కావచ్చు.

బంతి మీదే కావాలంటే తెల్ల పలకలున్నది కొనండి; మామూలు తోలు బంతి గోధుమరంగు బొడిపెల మీద అక్షరం నిలవదు. సంతకానికి ముందే గాలి నిండుగా కొట్టించాలి. తర్వాత గాలి దిగితే పలక ముడతపడి, ఎంతటి మహానుభావుడి పేరైనా మూలుగుతున్నట్టు కనిపిస్తుంది. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుంది. కాబట్టి చుట్టాలకు కనబడేలా హాల్లో కిటికీ ఎదుట పెట్టాలన్న కోరిక చంపుకుని, చీకటి అల్మారాలో పెట్టి తాళం వేయండి. పక్కనే గాలి పంపు ఉంచుకోండి.