పోతన పద్యంలో సావయవ రూపకం

ఒక పోలికను దాని భాగాలన్నిటితో చివరిదాకా నడిపే విస్తృత రూపకాన్ని ఆధునిక వచన కవిత్వం తెచ్చిన పద్ధతిగా నేను చదివిన ఒక వ్యాసం పరిచయం చేసింది. అది నాకు అసంపూర్ణంగా తోచింది. మన ఆలంకారికులు దీనినే సావయవ రూపకమని పిలిచి, భాగాల ప్రసక్తి లేని నిరవయవ రూపకం నుంచి, ఒక రూపకం మరొక రూపకానికి కారణమయ్యే పరంపరిత రూపకం నుంచి వేరుచేసి చూపారు. 15వ శతాబ్దంలో పోతన తన భాగవత పీఠికలో రాసిన ‘లలితస్కంధము, కృష్ణమూలము’ అనే పద్యాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. భాగవతం కల్పవృక్షమని ఒక్కమాట చెప్పి ఊరుకోకుండా, ఆ చెట్టు బోదె గ్రంథంలోని స్కంధాలుగా, నల్లని వేరు కృష్ణుడుగా, కొమ్మల మీది చిలుకల పలుకులు శుకమహర్షి వాక్కుగా, విశాలమైన పాదు వ్యాసుడుగా, దానిని ఆశ్రయించిన పక్షులు ద్విజులుగా ఏకకాలంలో స్ఫురించేటట్లు ఆయన ఒక్కొక్క అవయవాన్నీ శ్లేషతో, అంటే ఒకే మాటకు రెండర్థాలు వచ్చేలా, బిగించాడు. శ్లేష చమత్కారం కన్నా ఆ నిగ్రహమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. చెట్టుకు పొసగని విశేషణం అందులో ఒక్కటి కూడా లేదు. నేటి కవితలు చాలావాటిలో నదిగా మొదలైన జీవితం నాలుగు పాదాలు దాటకముందే దీపంగానో పక్షిగానో మారిపోతుంది. దానిని స్వేచ్ఛ అని కొందరు సమర్థిస్తారు గానీ, ఎత్తుకున్న పోలికను చివరిదాకా నడిపించే ఓపిక లేకపోవడమే అందుకు కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.