రెండున్నర అడుగుల దారి

నౌపడాలో పెద్ద బండి దిగి, మూటాముల్లె సర్దుకుని, చిన్న రైలెక్కి పర్లాకిమిడి చేరినవారు శ్రీకాకుళం జిల్లాలో ఇంకా ఎందరో ఉన్నారు. టెక్కలి, పాతపట్నం దాటి, కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా సాగిన ఆ నారోగేజ్ రైలు 2004 జూన్‌లో ఆగిపోయింది. అప్పటికి దాని వయసు 104 ఏళ్లు.

తీరం వెంట వేసిన ప్రధాన మార్గం పర్లాకిమిడిని తాకకుండా నౌపడా మీదుగా వెళ్లిపోయింది. ఆ లోటు పూడ్చడానికి పూనుకున్నది ప్రభుత్వం కాదు, పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి. 1898లో అనుమతి తెచ్చుకుని, దాదాపు 7 లక్షల రూపాయలతో 40 కిలోమీటర్ల దారి వేయించారు. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. తొలి ఏళ్లలో మిగిలింది నష్టమే. 1910 తర్వాత కొద్దిపాటి లాభం కనిపించింది, 1924-25 నుంచి అది పెరిగింది. ఆ ధైర్యంతోనే 1929లో, 1931లో దారిని పొడిగించి గుణుపురం చేర్చారు. మొత్తం 90 కిలోమీటర్లు.

పట్టాల మధ్య ఎడం, అంటే గేజ్, రెండున్నర అడుగులు. ప్రధాన మార్గంలో అది అయిదున్నర అడుగులు. ఈ తేడా బరువును మోసింది నౌపడా కూలీలు. పెద్ద వ్యాగన్ చిన్న పట్టాలెక్కదు కనుక ఒక్కో బస్తాను దింపి, భుజానికెత్తుకుని, చిన్న వ్యాగన్‌లోకి మార్చాలి. సరుకు అటు వెళ్లినా ఇటు వచ్చినా ఆ మోత తప్పదు. గేజ్ మార్పిడి కోసం ఆ ప్రాంతం అంతకాలం ఎదురుచూసిందంటే అందులో న్యాయం ఉంది. దాన్ని మేము తప్పుపట్టడం లేదు.

1936 ఏప్రిల్ 1న, అంటే రైలు మొదలైన తేదీనాడే, ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. పర్లాకిమిడిలోనే బడిపంతులుగా పనిచేసి, వాడుక భాషకు పట్టం కట్టి, సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఆ విభజనకు నొచ్చుకుని ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. తెలుగువారికి అది ఈనాటికీ మానని గాయం. రైలు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత 68 ఏళ్లపాటు సరిహద్దుకు అటూ ఇటూ బంధువులను, సంత సరుకును, బడిపిల్లలను చేరవేస్తూనే ఉంది. పెళ్లిచూపులకు పాతపట్నం నుంచి పర్లాకిమిడి వెళ్లినవారికి అది పరరాష్ట్ర ప్రయాణం అనిపించి ఉండదు.

పాత పట్టాలు పీకేశాక బ్రాడ్‌గేజ్ బండి పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011లో వచ్చింది. కొత్త దారి రావడం సంతోషం. పాతదాని జ్ఞాపకం కరిగిపోవడం మాత్రం మాకు బాధగా ఉంది. 2004లో నలభయ్యో పడిలో ఉన్న డ్రైవర్లు, గార్డులు, గేట్‌మన్లు ఇప్పుడు అరవై దాటినవారు. బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు ఎలా మార్చేవారో, వంశధార పొంగితే బండి ఎక్కడ నిలిపేవారో చెప్పగలిగింది వారే.

శ్రీకాకుళం, గజపతి, రాయగడ జిల్లాల యంత్రాంగాలు, రైల్వే శాఖ కలిసి వారి మాటలను తెలుగులో, ఒడియాలో, సవరలో రికార్డు చేయించాలని కోరుతున్నాం. ఇళ్లలో మిగిలిన టికెట్లు, ఫొటోలు, చేతిదీపాలు, పచ్చజెండాలు సేకరించి అదే దారిలోని స్టేషన్లలో ప్రజలకు చూపాలి. దూరనగరాల మ్యూజియంలకు వాటిని తరలించవద్దు. నౌపడాలో ఉప్పు బస్తా మోసిన మనిషి మనవడు టికెట్ ఖర్చు లేకుండా చూడగలిగే చోటనే అవి ఉండాలి. ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.