బోరు పెంచాక పోర్టుల అంచులు చూసుకోండి

ఆర్‌ఎక్స్ 100 యమహా బైకుకు బోరు (ఇంజన్ సిలిండరు లోపలి వెడల్పు) పెంచితే పికప్ దానంతటదే వస్తుందని వ్యాసంలో రాశారు. సగమే నిజం. 50 మి.మీ. బోరును 51కి తీస్తే 98 సీసీ కాస్తా 102 అవుతుంది, అంతే! అసలు పని ఆ తర్వాతే. బోరింగ్ అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలో గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాల) అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని సన్నగా రుద్దించకపోతే పిస్టన్ రింగు తగులుకుని విరుగుతుంది. చాలామంది మెకానిక్‌లు వదిలేసేది ఇదే.

ఇంకొకటి, అనంతపురంలో మే నెల ఎండలో జెట్టింగ్ (కార్బురేటర్లో పెట్రోలు కొలిచే జెట్ల సైజు) సరిచేస్తే డిసెంబరు తెల్లవారుజామున పెట్రోలు చాలదు. చల్లగాలి చిక్కన కదా. అప్పుడు తాడిపత్రి రోడ్డులో ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే పిస్టన్ పట్టేస్తుంది. స్పార్క్ ప్లగ్గు తెల్లబడితే పెట్రోలు చాలడం లేదని అర్థం, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. కానీ క్రాంకు సీలు (క్రాంకు చివర గాలి చొరబడకుండా ఆపే రింగు) పాడై గాలి లాగుతున్నా ప్లగ్గు తెల్లగానే ఉంటుంది, ముందు అది చూడండి.