సైగలు నేర్వాల్సింది చెవులున్నోళ్లే

సెప్టెంబర్ 23 వస్తే సైగల భాష దినోత్సవం అని అందరూ స్టేటస్‌లు పెడతరు. మంచిదే. కానీ పెట్టినోళ్లల్ల 'నీ పేరు ఏంది' అని చేతులతోటి అడగొచ్చినోళ్లు ఎందరు?

మా చిన్నమ్మ కొడుకుకు పుట్టుకతోనే వినరాదు. హనుమకొండల వెల్డింగ్ పని చేస్తడు. గేటు డిజైన్ ఒక్కసారి చూపిస్తే చాలు, అచ్చం అట్లనే దించుతడు. మొన్న వానకాలంల కడుపునొప్పి అంటే సిటీల ఒక దవాఖానకు తీస్కపోయిన. డాక్టర్ వాని మొఖం దిక్కు చూడనే లేదు. ఎప్పటి సంది నొప్పి, ఏం తిన్నడు, అన్నీ నన్నే అడిగిండు. నొప్పి వానిదైతే నాకేం ఎరుక? వాడు సైగ చేసి చెప్పబోతుంటే సెలైన్ కోసం కుడిచేతికే సూది పెట్టి, కదపొద్దని పట్టీ కట్టిన్రు. వాడు మాట్లాడేదే ఆ చేతితోటి! నోట్ల గుడ్డ కుక్కినట్టయింది. నేను చెప్పేదాక ఆ ముచ్చట ఎవరికీ తట్టలే. సిస్టర్‌ను నేను తప్పు పట్ట, ఆమె చదువుల ఇది ఎవరూ చెప్పలే.

నేను పక్కనుంటిని కాబట్టి సరిపోయింది. అదే వినరాని ఆడపిల్ల అయితే? డాక్టరమ్మకు ఒక్కదానికే చెప్పుకునే బాధను అన్నతోటో, బావతోటో చెప్పించుకోవాల్నా?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంల సైగల భాష పేరు రాసే ఉన్నది. 2011 జనాభా లెక్కల్లనే వినికిడి లోపం ఉన్నోళ్లు దేశంల 50 లక్షలు దాటిన్రు. అయినా కాజీపేట స్టేషన్‌ల రైలు ప్లాట్‌ఫారం మారితే ముందుగాల మొగేది మైకే.

ఇంకో మాట నాకు మస్తు కోపం తెప్పిస్తది: "సైగలు నేర్పితే పిల్లకు మాట రాదు." ఇది ఇయ్యాల్టి భయం కాదు. 1880ల మిలాన్‌ల వినరాని పిల్లల టీచర్లు సదస్సు పెట్టి, బడుల్ల సైగలు బంద్ చేయాలని తీర్మానించిన్రు. ఓటేసినోళ్లు దాదాపు అందరూ వినేటోళ్లే. 130 ఏండ్లకు, 2010ల వాంకూవర్‌ల, అదే సదస్సు ఆ తీర్మానాలు తప్పని తోసేసింది. మన దగ్గర మాత్రం ఇంకా "చేతులు దించు, నోటితోటి అను" అంటున్నరు. చెవికి ఆపరేషన్ చేయించుండ్రి, మిషన్ పెట్టుండ్రి, నేను వద్దన. కానీ మాట వచ్చేదాక ఆ పిల్ల ఆకలైతున్నది, భయమైతున్నది అని అమ్మకు ఎట్ల చెప్పాలె?

నేర్వడం కష్టం అంటే నేను ఒప్పుకోను. ఢిల్లీల 2015ల పెట్టిన కేంద్ర సంస్థ 10 వేల పదాల నిఘంటువు చేసింది, వీడియోలు ఫోన్‌ల పైస ఖర్చు లేకుండ దొరుకుతయి. మన దేశపు సైగల్ల 'ఏంది', 'ఎక్కడ' వాక్యం చివరికే వస్తయి. 'నీ ఇల్లు ఎక్కడ' అనేటోళ్లకు ఆ వరుస కొత్త కాదు. కనుబొమ్మలు ఎత్తుడు కూడా వ్యాకరణమే.

కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి 2024ల పారిస్ పారాలింపిక్స్‌ల కాంస్యం తెస్తే వరంగల్ అంతా సంబురపడ్డది. ఆమెది వేరే వైకల్యం. కానీ చిన్నప్పుడు ఊర్ల ఆమెను ఏమేమని వెక్కిరించిన్రో ఇంటోళ్లే పేపర్లోళ్లకు చెప్పుకున్నరు. పతకం వచ్చినంకనే మనిషిగ చూస్తమా?

సోమవారం ప్రజావాణిల అర్జీ పెడుతున్న: హనుమకొండ, వరంగల్ కలెక్టరేట్ల ప్రతి సోమవారం సైగలు వచ్చిన ఒక మనిషిని కూసోబెట్టాలె, ఆ మనిషికి జీతం ఇయ్యాలె. పెద్ద దవాఖానల్ల కూడా గట్లనే. సంతకం పెట్టేటోళ్లు కింద మీ ఊరి పేరు రాయుండ్రి.