రసీదు లేని విరాళాన్ని రిటర్నులో చూపించకండి

ఆదాయపు పన్ను రిటర్నులు వేసే కాలం రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒకటే. రిటర్నుకు ఏ కాగితమూ జత చేయనక్కరలేదు, విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జి కింద ఎంత రాసుకున్నా అడిగేవారు లేరు, గుడికిచ్చినవీ గోశాలకిచ్చినవీ అన్నీ కలిపేసుకోవచ్చు, కట్టిన పన్నంతా వెనక్కి వస్తుంది, మా ద్వారా వేసినవారందరికీ రీఫండు వచ్చింది అంటుంది. చివర ఒక ఫోను నంబరు, రీఫండులో ఇంత శాతం మాకివ్వాలన్న షరతు. దీన్ని నమ్మి పాన్, ఆధార్, పాస్‌వర్డు అప్పగిస్తున్నవారిలో టీచర్లు, కానిస్టేబుళ్లు, కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఉన్నారు. నోటీసు వచ్చిన రోజున ఆ నంబరు పలకదు. అందుకే అందులోని ఒక్కో మాటకూ జవాబు చెప్పాల్సి ఉంది.

కాగితాలు జత చేయనక్కరలేదన్నది నిజమే. జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే ఫారం 16 గానీ, విరాళం రసీదు గానీ, బీమా ప్రీమియం రసీదు గానీ రిటర్నుతో పంపే పని లేదు. కానీ రిటర్ను చివర, ఇందులో రాసినదంతా సత్యమని ధ్రువీకరించేది పన్ను చెల్లింపుదారే. అడిగినప్పుడు చూపించాల్సిందీ ఆయనే. శాఖ అడగడానికి గడువు కూడా చిన్నది కాదు. 2025-26లో సంపాదించిన ఆదాయానికి మదింపు సంవత్సరం, అంటే ఆ ఆదాయం మీద పన్ను లెక్కగట్టే మరుసటి ఏడాది, 2027 మార్చితో ముగుస్తుంది. ఆ తర్వాత మామూలు కేసుల్లో మూడేళ్ల మూడు నెలల వరకు, అంటే 2030 జూన్ వరకు, దాన్ని తిరగదోడుతూ నోటీసు ఇవ్వవచ్చు. రూ.50 లక్షలు, అంతకు మించిన ఆదాయం లెక్క తప్పిందన్న కేసుల్లో ఆ గడువు ఐదేళ్ల మూడు నెలలు. అప్పటిదాకా ఆ కాగితాలు ఇంట్లో ఉండాల్సిందే.

ఎవరూ అడగరన్నది పచ్చి అబద్ధం. ఇప్పుడు అడగాల్సిన అవసరం కూడా తగ్గిపోయింది, ఎందుకంటే లెక్క ముందే వాళ్ల దగ్గరకు చేరుతోంది. 2021-22 నుంచి 80జి ఆమోదం ఉన్న ప్రతి సంస్థా తనకు ఎవరెవరు ఎంత ఇచ్చారో ఫారం 10బీడీలో ఆదాయపు పన్ను శాఖకు చెప్పాలి. దాతల గుర్తింపు సంఖ్యలు, మొత్తాలు అందులో ఉంటాయి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 దానికి గడువు. ఆలస్యమైతే సంస్థ రోజుకు రూ.200 రుసుము కట్టాలి. ఆ వివరాలు దాఖలయ్యాకే దాతకు ఫారం 10బీఈ అనే ధ్రువపత్రం తయారవుతుంది. రిటర్నులోని 80జి పట్టికలో సంస్థ పేరు, చిరునామా, పాన్‌తో పాటు ఆ ధ్రువపత్రం మీది సంఖ్యనూ అడుగుతారు. ఊహించి రాసిన సంఖ్య ఏ సంస్థ లెక్కతోనూ కలవదు.

అందుకే పుస్తకంలోంచి చింపి ఇచ్చిన రసీదుతో పని పూర్తయిందనుకోకూడదు. జూన్ మొదట్లో సంస్థకు ఫోను చేసి 10బీఈ అడగండి. అది చేతికి రాగానే మీ పాన్‌లోని పది అక్షరాలూ అంకెలూ ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. మొత్తం, ఆర్థిక సంవత్సరం, నగదా కాదా అన్నది కూడా చూడండి. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు పడినా మీ విరాళం ఇంకొకరి ఖాతాలో కూర్చుంటుంది. సంస్థ తన ఫారాన్ని సవరించి కొత్త ధ్రువపత్రం ఇవ్వగలదు. అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2021లో చట్టం మారినప్పుడు మళ్లీ నమోదు చేయించుకున్న సంస్థలకు 80జి ఆమోదం ఐదేళ్లకే వచ్చింది, అది 2026 మార్చి 31తో తీరిపోయింది. ఆ తర్వాత ఇచ్చే విరాళానికి రసీదు మీద పాత ఆమోదం సంఖ్యే ఉంటే, పునరుద్ధరించారా అని అడిగి తెలుసుకోండి.

ఇక గుడి, గోశాల, అన్నదానం అన్నీ కలుపుకోవచ్చన్న మాట. మన ఊళ్లలో ఇచ్చే చేయి పెద్దది, కాబట్టి ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఊరి రామాలయానికి ఇచ్చిన డబ్బు ఎంత పుణ్యమైనా, ఆ గుడిని కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసి ఉంటే తప్ప, అదీ జీర్ణోద్ధరణకో మరమ్మతులకో ఇచ్చి ఉంటే తప్ప, పన్ను లెక్కకు పనికిరాదు. ఉత్సవ కమిటీ రబ్బరు ముద్ర వేసి ఇచ్చే రసీదులో మీ పేరు పక్కన 'గారు' ఉంటుంది గానీ కమిటీ పాన్ ఉండదు, ఆమోదం సంఖ్య ఉండదు. తిరుమల అన్నప్రసాదం ట్రస్టుకు కట్టిన విరాళానికి 80జి రసీదు వస్తుంది, హుండీలో వేసిన కానుకకు రాదు. వృద్ధాశ్రమానికి పంపిన బియ్యం బస్తాలు, దుప్పట్లు, బట్టలు కూడా లెక్కలోకి రావు. డబ్బు రూపంలో ఇచ్చినదానికే మినహాయింపు. అందులోనూ ఒకేసారి రూ.2,000 దాటి నగదుగా ఇస్తే రూ.2,000 వరకైనా దక్కదు, మొత్తం పోతుంది. చెక్కుతోనో, యూపీఐతోనో, బ్యాంకు బదిలీతోనో ఇవ్వండి.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు ఎందరో ముఖ్యమంత్రి సహాయనిధులకు డబ్బు పంపారు. ఆ విరాళానికి నూటికి నూరు శాతం మినహాయింపు ఉంది, నిధి ఇచ్చే రసీదే ఆధారం. జీతంలోంచి కోత పెట్టించుకున్నవారికి ఆ మొత్తం ఫారం 16లోనే కనిపించాలి. మిగతా సంస్థలకు సొంతంగా ఇచ్చినవి మాత్రం సాధారణంగా ఫారం 16లో ఉండవు, రిటర్నులో నేరుగా రాసుకోవాలి. ఫారం 16లో లేదు కాబట్టి హక్కు పోయిందని నిజాయతీగా ఇచ్చినవారు వదిలేసుకుంటున్నారు. దొంగ లెక్కల గోలలో వీళ్లు నష్టపోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

కట్టిన పన్నంతా వెనక్కి వస్తుందన్నదానికి లెక్కే జవాబు. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్నవారు 50 శాతం మినహాయింపు ఉన్న సంస్థకు రూ.10,000 ఇస్తే, ఆదాయంలోంచి తగ్గేది రూ.5,000. సెస్సుతో కలిపి ఆదా అయ్యే పన్ను రూ.1,560. అంతే. కొత్త విధానంలో ఉన్నవారికి 80జి అసలు వర్తించదు, 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే వర్తించేది ఆ కొత్త విధానమే. పైగా 2025-26 ఆదాయానికి ఆ విధానంలో రూ.12 లక్షల వరకు మామూలు ఆదాయం మీద కట్టాల్సిన పన్నే లేదు. అలాంటివారికి దొంగ రసీదు అంటగట్టి కమీషన్ తీసుకోవడం ఎంత దుర్మార్గం!

మా వాళ్లందరికీ రీఫండు వచ్చిందన్నది నిజమే కావచ్చు. రీఫండు వచ్చినంత మాత్రాన రిటర్నును ఆమోదించినట్టు కాదు. కంప్యూటర్ లెక్కలు సరిచూసి డబ్బు పంపుతుంది, అసలు పరిశీలన తర్వాత కూడా జరగవచ్చు. 2025 జులై 14న దొంగ మినహాయింపుల మీద దేశంలో పలుచోట్ల తనిఖీలు చేపట్టినప్పుడు కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు చెప్పిన లెక్క ప్రకారం, అంతకు ముందరి నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. కొందరు ఏజెంట్లు గుత్తగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి తర్వాత వదిలేస్తున్నారని, నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటున్నాయని కూడా బోర్డు చెప్పింది. ఏజెంటుతో రిటర్ను వేయించినవారు ఆదాయపు పన్ను పోర్టల్‌లో తమ ఫోను నంబరు, ఈమెయిలు ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోవాలి.

రాజకీయ పార్టీకి చెక్కు ఇస్తే కమీషన్ పోను నగదు తిరిగి ఇస్తామనే బేరం ఇంకా ప్రమాదకరం. పార్టీలకిచ్చే విరాళాలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జీజీసీ కింద రూ.లక్ష అలా చూపించిన 30 శాతం శ్లాబు ఉద్యోగి దొరికితే ఎగ్గొట్టిన పన్ను రూ.31,200 కట్టాలి. తప్పుడు సమాచారమిచ్చినందుకు 200 శాతం జరిమానా, అంటే రూ.62,400, దాని మీద. వడ్డీ వేరు. తెలిసి అబద్ధం ధ్రువీకరించినందుకు ప్రాసిక్యూషన్‌కు కూడా చట్టంలో వీలుంది. ఇందులో ఏజెంటు వంతు ఒక్క రూపాయి లేదు.

ఇప్పటికే అలా వేసేసినవారికి దారి ఉంది. గడువులో ఉంటే సవరించిన రిటర్ను వేయండి. గడువు దాటితే, అదనపు పన్ను కట్టి తప్పు దిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. 2025లో దాని వ్యవధిని మదింపు సంవత్సరం ముగిశాక నాలుగేళ్లకు పెంచారు. ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీల మీద 25 నుంచి 70 శాతం అదనంగా కట్టాలి. మొదటి ఏడాదిలోనే వేస్తే 25 శాతంతో పోతుంది. నోటీసు వచ్చేదాకా ఆగకుండా, వేరే ఆడిటరుకో తెలిసినవారికో చూపించి ఈ నెలలోనే వేసేయండి.