సిమెంటు గట్టిపడేదాకా ఉండగలిగితేనే వెళ్లండి

అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు సేవ కోసం దేశం దాటాలనుకుంటే దగ్గర్లో ఉన్నది మెక్సికో. వసంతకాలం సెలవుల్లో ఇరవై పాతిక మంది బస్సెక్కి వెళ్లడం, వారంలో ఒక గది కట్టి గోడకు రంగేసి, పిల్లలతో ఫొటోలు దిగి తిరిగి రావడం ఇక్కడి కాలేజీల్లో, చర్చిల్లో ఎన్నాళ్ల నుంచో ఉన్న పద్ధతి. మన సంఘాలు ఆ దారి పట్టకూడదు. ముగ్గురు నలుగురు మిత్రులు, కనీసం ఎనిమిది వారాలు, ఊరు చెప్పిన పని, ఊరివాళ్ల ఇళ్లలో బస. ఇలా కుదిరితేనే పంపండి. కుదరకపోతే ఆ టికెట్ల డబ్బుతో అక్కడి మేస్త్రీకి కూలి ఇవ్వండి, ఊరికి ఎక్కువ మేలు జరుగుతుంది.

దక్షిణాన ఉన్న వహాకా రాష్ట్రాన్ని తీసుకుందాం. అక్కడ 570 మునిసిపాలిటీలు ఉన్నాయి. వాటిలో 400కు పైగా పార్టీలతో పనిలేకుండా, తమ పాత ఆచారం ప్రకారం ఊరి సభలోనే అధికారులను ఎన్నుకుంటాయి. 1995లో రాష్ట్ర ఎన్నికల చట్టం దీన్ని గుర్తించింది. ఆ సభను అసంబ్లేయా అంటారు. పదవులకు చాలాచోట్ల జీతం ఉండదు. కుర్రవాడు తోపిల్‌గా, అంటే కబుర్లు మోస్తూ కాపలా కాస్తూ మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఒక్కో మెట్టూ ఎక్కి పెద్ద బాధ్యతలకు వస్తాడు. ఉమ్మడి భూమికీ అడవికీ ఒక కమిటీ, నీళ్లకు ఒకటి, బడికి ఒకటి. దారి బాగుచేయాలన్నా, పైపులైను వేయాలన్నా ఇంటికొకరు వచ్చి జీతం లేకుండా పని చేయాలి. దాన్ని టెకియో అంటారు. రానివాళ్లు జరిమానా కట్టాలి, లేదా బదులు మనిషిని పెట్టాలి. లాస్ ఏంజెలెస్ హోటల్లో గిన్నెలు కడిగే మనిషికైనా ఊళ్లో పదవి వంతు వస్తే తప్పదు. డబ్బు పంపి బదులు మనిషిని పెడతాడు, లేదా ఉద్యోగం వదులుకుని ఏడాది పాటు ఊళ్లో ఉండి ఆ పని చేస్తాడు. గుడికీ బడికీ చందాలు పంపి ఊరితో బంధం నిలుపుకునే మనకు ఇందులో కొంత తెలిసిందే. అక్కడ మాత్రం చందాతో సరిపోదు, ఒంటితో చేసిన సేవను లెక్క వేస్తారు.

ఇంత కట్టుదిట్టంగా నడిచే ఊళ్లోకి పని రాని ఇరవై మంది ఒక్కసారిగా దిగితే ఏమవుతుంది? వాళ్లకు పడక చూడాలి, మూడు పూటలా రొట్టెలు కాల్చాలి, మేస్త్రీ తన పని పక్కన పెట్టి వాళ్లకు తాపీ పట్టుకోవడం నేర్పాలి. ఆ వారంలో ఊరు ఇచ్చేదే ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ.

దీన్ని ఒక పనితో లెక్కవేసి చూపించవచ్చు. వహాకా కొండల్లో వానలు మే నుంచి అక్టోబరు దాకా. మిగిలిన ఆరు నెలలూ గట్టు మీది ఇళ్లకు నీటి కటకట. అందుకే ఊళ్లు తరచుగా అడిగేది వాననీటి తొట్టి, అదీ ఫెర్రోసిమెంటుతో, అంటే ఇనుప జాలీ మీద సిమెంటు మాలు పూసి పలచని గోడ కట్టే పద్ధతిలో. రెండున్నర మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటే పదివేల లీటర్లు పడుతుంది. వానలు లేని 180 రోజులకు పంచితే రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ సరిపోతుంది, స్నానాలకూ బట్టలకూ సరిపోదు. ఈ లెక్క మొదటే ఇంటివాళ్లతో కూర్చుని చెప్పుకోవాలి. లేకపోతే ఫిబ్రవరికల్లా తొట్టి ఖాళీ అయి, కట్టినవాళ్ల మీద నమ్మకం పోతుంది.

అడుగు భాగం ఎనిమిది సెంటీమీటర్ల మందం, మధ్యలో ఇనుప జాలీ. గోడకు పదిహేను సెంటీమీటర్ల గళ్ల వెల్డెడ్ మెష్‌ను గుండ్రంగా నిలబెట్టి, లోపలా బయటా కోళ్లజాలీ చుట్టి, బైండింగ్ వైరుతో దగ్గరదగ్గరగా కట్టాలి. జాలీ వదులుగా ఉంటే మాలు వేసినప్పుడు ఊగుతుంది, వెనక ఖాళీలు మిగిలిపోతాయి. లోపలి వైపు ఒకరు పలక ఆనించి పట్టుకుంటే బయట నుంచి మేస్త్రీ మాలు కొడతాడు. మర్నాడు లోపలి పూత. రెండూ కలిపి గోడ ఐదు సెంటీమీటర్లు దాటక్కర్లేదు. మొత్తానికి పదిహేడు పద్దెనిమిది బస్తాల సిమెంటు, ఒకటిన్నర ఘనమీటర్ల ఇసుక పడతాయి. ఇక్కడ బస్తా అంటే 50 కిలోల లెక్క.

మాలు పాళ్లు ఒకటికి రెండు: ఒక తట్ట సిమెంటుకు రెండు తట్టల జల్లించిన ఇసుక. బస్తాకు నీళ్లు 20 నుంచి 22 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. కొత్తవాళ్లు చెడగొట్టేది ఇక్కడే. పార తేలిగ్గా తిరగాలని నీళ్లు పోస్తారు. ఆ నీరంతా ఆవిరయ్యాక గోడ కుంచించుకుపోయి జుట్టులాంటి పగుళ్లు వస్తాయి. కలిపి గంట దాటిన మాలుకు మళ్లీ నీళ్లు చిలకరించి వాడటం కూడా అలాంటి తప్పే. వాగు ఇసుకలో మట్టి ఎంతుందో సీసాలో పోసి చూడాలి: ఇసుక, నీళ్లు వేసి బాగా కుదిపి పక్కన పెడితే ఇసుక అడుక్కీ మట్టి పైకీ పొరలుగా తేరతాయి. పది సెంటీమీటర్ల ఇసుక మీద అర సెంటీమీటరు కన్నా ఎక్కువ మట్టి తేలితే ఆ ఇసుక కడగాలి, లేదా వెనక్కి పంపాలి. అడుగూ గోడా కలిసే మూల అన్నిటికన్నా బలహీనమైన చోటు. అక్కడ మాలును గుండ్రంగా మెత్తి, ఆ పనిని మధ్యలో ఆపకుండా ఒకే రోజు పూర్తిచేయాలి. రాత్రికి ఆపి పొద్దున్నే అతికిస్తే ఆ గీత వెంటే నీరు కారుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. పూత అయ్యాక పది నుంచి పద్నాలుగు రోజులు క్యూరింగ్. తడి గోనెసంచులు చుట్టి, రోజుకు నాలుగైదు సార్లు నీళ్లు కొట్టాలి. రెండువేల ఐదు వందల మీటర్ల ఎత్తులో పగలు ఎండ మాడ్చేస్తుంది, గాలి తేమను లాగేస్తుంది, జనవరిలో రాత్రిళ్లు గడ్డకట్టే చలి. కొత్త పూతను పగలు ఎండ నుంచీ రాత్రి చలి నుంచీ కాపాడాలి. వారం రోజుల బృందం ఇంటిదారి పట్టేది సరిగ్గా ఈ పని మొదలయ్యే రోజున. మేస్త్రీ ఇంకో ఇంటి పనికి పోతాడు, ఇంటివాళ్లు చేలోకి పోతారు, తొట్టి ఎండిపోతుంది. మరుసటి ఏడాది కారుతుంటే సిమెంటు మంచిది కాదనుకుంటారు. నైపుణ్యం లేని మిత్రులు అందరికన్నా బాగా చేయగలిగింది ఈ క్యూరింగే. దీనికి పనితనం అక్కర్లేదు, అక్కడ ఉండటమే కావాలి. పద్నాలుగో రోజుకు తొట్టిలో కాస్త నీరు పోసి ఉంచాలి, మళ్లీ ఎప్పుడూ పూర్తిగా ఎండనివ్వకూడదు.

వాననీటిని పట్టే ఇంటి కప్పు సంగతి తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. యాభై చదరపు మీటర్ల రేకుల కప్పు మీద, వృథా పోగా, మిల్లీమీటరుకు నలభై లీటర్లు. 250 మిల్లీమీటర్ల వానకే తొట్టి నిండుతుంది. మొదటి వాన దుమ్మునూ పక్షిరెట్టలనూ మోసుకొస్తుంది, దాన్ని తొట్టిలోకి పోనివ్వకూడదు. తొట్టికి ముందు నాలుగంగుళాల పైపును నిలువుగా, అడుగున మూతతో పెడితే మీటరుకు ఎనిమిది లీటర్ల మురికినీరు అందులో ఆగిపోతుంది. మూడు మీటర్ల పైపు చాలు. మూతకు సన్నని బెజ్జం పెడితే దానంతటదే ఖాళీ అవుతుంది. ఆ బెజ్జం ఆకులతో పూడుకుపోతే ఏర్పాటంతా వృథా, కాబట్టి దాన్ని చూసుకునేది ఇంట్లో ఎవరో పేరు పెట్టి తేల్చుకోవాలి.

తొట్టి పని జనవరి నుంచి ఏప్రిల్ లోపే. మన కాలేజీ పిల్లలకు తీరిక దొరికేది వేసవిలో, అక్కడ అది వానాకాలం. మధ్యాహ్నపు జడివానకు కొత్త పూత కొట్టుకుపోతుంది, కొండచరియలు జారి ఇసుక లారీ రాదు. జూన్, జూలైల్లో వెళ్లేవాళ్లు మొక్కజొన్న చేలో కలుపు తీయడానికో, ఊరి అడవిలో పైన్ మొక్కలు నాటడానికో సిద్ధపడాలి. నలభై సెంటీమీటర్ల గుంట, మొక్కకూ మొక్కకూ మూడు మీటర్లు. సంచి పూర్తిగా చింపి తీసేయాలి, అడుగున చుట్టలు తిరిగిన వేళ్లను కత్తిరించాలి. అలసిపోయినవాళ్లు సంచితోనే పాతిపెడుతుంటారు, ఆ మొక్క రెండేళ్లు పచ్చగా ఉండి తర్వాత చచ్చిపోతుంది. ఇంగ్లీషు పాఠాలు చెబుతామని మాత్రం బయల్దేరవద్దు. ఎనిమిది వారాల ఇంగ్లీషు ఎవరికీ పనికిరాదు, బడికి తన పాఠాలు తనకున్నాయి.

ఊళ్లోకి వెళ్లడానికి దారి ఒక్కటే: అధికారుల దగ్గర్నుంచి. ఎవరు, ఎన్ని రోజులు, ఏం చేయగలరు, ఖర్చు ఎవరిది అని స్పానిష్‌లో ఒక పేజీ ఉత్తరం రాయాలి, ఊరి సభలో దాన్ని చదివి అనుమతిస్తేనే వెళ్లాలి. దిగిన రోజునే ఊరి కార్యాలయంలో కనిపించాలి. బసకు, భోజనానికి ఊళ్లో మామూలుగా ఎంత ఇస్తారో అక్కడే అడిగి, వారం వారం నేరుగా ఇల్లాలి చేతికే ఇవ్వాలి. ఏటీఎం ఉండదు, 500 పెసోల నోటుకు చిల్లర దొరకదు. చిన్న నోట్లు పట్నంలోనే మార్చుకోవాలి. విరాళం ఇవ్వాలనుకుంటే కమిటీకి రసీదు మీద ఇవ్వాలి, ఇంటింటికీ బహుమతులు పంచకూడదు. సభలో కూర్చోనిస్తే నోరు మెదపకూడదు: విదేశీయులు దేశ రాజకీయాల్లో జోక్యం చేసుకోరాదని మెక్సికో రాజ్యాంగం 33వ అధికరణంలో ఉంది.

మిత్రులు కలిసి ఉండటంలో ఒక ప్రమాదం ఉంది. నలుగురూ ఒకే ఇంట్లో దిగితే రెండో రోజుకే అది తెలుగువాళ్ల హాస్టలు అవుతుంది. ఇద్దరిద్దరుగా రెండు ఇళ్లలో ఉండండి, ఆ ఇంటివాళ్లతోనే తినండి. డబ్బుకు ఒక ఉమ్మడి సంచి, ఒక పద్దు పుస్తకం. ఊరి అధికారులతో మాట్లాడే బాధ్యత ఒక్కరిదే. నలుగురు నాలుగు మాటలు చెబితే ఊరికి ఎవరి మాట పట్టుకోవాలో తెలియదు. వారానికొకసారి నలుగురూ కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలి. దారిలో ఎదురైన ప్రతి మనిషికీ పొద్దున బ్వెనోస్ దియాస్, మధ్యాహ్నం దాటాక బ్వెనాస్ తార్దెస్ చెప్పాలి. పెద్దవాళ్లను ఉస్తెద్ అనాలి.

శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, అంతే. ఉడికిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం ఉండవచ్చు. సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో అని రెండూ విడిగా చెప్పాలి. కింతోనిల్ అని వండేది మన తోటకూర జాతే, వెర్దొలాగాస్ మన గంగపాయల కూర. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేలో పండే ఊళ్లో శాకాహారి పస్తుండక్కర్లేదు. తాగేనీరు రెండువేల మీటర్ల పైన మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. మూడువేల మీటర్ల దగ్గర నీరు 90 డిగ్రీలకే మరుగుతుంది, పప్పు ఉడకడానికీ అందుకే చాలాసేపు పడుతుంది.

చాలా ఇళ్లలో పొడి మరుగుదొడ్డి ఉంటుంది. ముందు భాగంలో మూత్రం, వెనక అరలో మలం, ప్రతిసారీ పైన బూడిదో సున్నమో చల్లాలి. వెనక అరలో నీళ్లు పడితే ఎరువు కావలసింది కుళ్లి కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. మన నీళ్ల అలవాటు ఆ అరను ఒక్క రోజులో పాడుచేస్తుంది. అక్కడ కాగితంతో తుడుచుకుని, కాగితాన్ని బుట్టలో వేసి, స్నానాల గదికి వెళ్లి కడుక్కోవాలి. చెప్పడానికి మొహమాటపడి ఎవరూ చెప్పని సంగతి ఇది, బయల్దేరేముందే పిల్లలకు చెప్పి పంపండి.

కాగితాల విషయంలో మనవాళ్లు పొరబడేది వీసా స్టాంపు దగ్గర. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు చెల్లుబాటయ్యే అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు తీరినా, చెల్లే ఐ-94తో, అంటే అమెరికాలో ఉండే గడువు రాసిన ప్రవేశ పత్రంతో, మెక్సికో వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగి రావచ్చన్న అమెరికా నియమం ఒకటుంది. కానీ అది తిరుగు ప్రయాణానికి మాత్రమే, మెక్సికోలో అడుగుపెట్టడానికి పనికిరాదు, ఎనిమిది వారాలకు అసలే చాలదు. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థులు కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణపు సంతకం చూసుకోవాలి. సరిహద్దు అధికారి ఎన్ని రోజులు రాశాడో అక్కడే చదువుకోవాలి. గరిష్ఠం 180 రోజులే అయినా తక్కువ రాయవచ్చు.

సంఘాలకు మా ప్రతిపాదన ఇది. ఇరవై మంది బస్సు ఖర్చుతో నలుగురిని ఎనిమిది వారాలు పంపండి. ఆరు నెలలు ముందుగా స్పానిష్ నేర్చుకున్నవాళ్లనే ఎంచండి, ఉద్యోగ విరమణ చేసిన సివిల్ ఇంజనీర్లు ముందుకొస్తే వాళ్లకే మొదటి చోటు. ఊరి నుంచి వచ్చిన ఆహ్వానపు ఉత్తరం చూడకుండా టికెట్లు కొనవద్దు. మరుసటి ఏడాది ఏప్రిల్ నెలలో, వానలకు ముందు, గొట్టాలు శుభ్రం చేయించి పగుళ్లు చూసి మాలు పట్టించడానికి అక్కడి మేస్త్రీకి రెండు రోజుల కూలీ ఇదే బడ్జెట్‌లో విడిగా తీసి పెట్టండి.